నీరు తగ్గితే పండులో సారం పెరుగుతుందా?

గత నెల మన సంఘం పాట్‌లక్ భోజనాలకు వచ్చినవారికి టమాటా పచ్చడి గొడవ గుర్తుండే ఉంటుంది. రెండు గిన్నెలు పక్కపక్కనే పెట్టారు. ఒకటి మా పెరటి టమాటాలతో చేసింది. రెండవది సముద్రతీరాన వాట్సన్‌విల్ దగ్గర ఉండే ఒక సోదరి చేసి తెచ్చింది. అక్కడ నీరు పెట్టకుండా పండించే చిన్న చిన్న టమాటాలు దొరుకుతాయి. మా గిన్నె సగమైనా ఖాళీ కాకముందే ఆవిడ గిన్నె అడుగు కనిపించింది. అంతటితో ఊరుకుంటే బాగుండేది. "నీళ్ళు పెట్టని పండులో విటమిన్లు కూడా ఎక్కువటండీ" అని ఆవిడ అన్నారు. "చెట్టును మాడిస్తే పండుకు బలం ఎక్కడినుంచి వస్తుందమ్మా?" అని మన డాక్టరుగారు అడ్డుపడ్డారు. చేతులు కడుక్కునేదాకా వాదన సాగింది. చివరకు "పెరటి తోట పెంచేవారు మీరే గదా, మీరే పత్రికలో రాయండి" అని ఆ పని మా మీద పెట్టారు.

మేమిద్దరం వ్యవసాయ శాస్త్రవేత్తలం కాము. ఒకరిది సివిల్ ఇంజనీరింగు, మరొకరిది ఆసుపత్రి ల్యాబు. అయితే ఈ ప్రశ్న మాకు కొత్తది కాదు. 2015 వేసవి నుంచి మా ఇంట్లో నలుగుతున్నదే. ఆ ఏప్రిల్ 1వ తేదీన గవర్నరు జెర్రీ బ్రౌన్ సియెర్రా కొండల మీద, మామూలుగా ఐదడుగుల మంచు ఉండవలసిన చోట, ఎండు గడ్డి మీద నిలబడి, పట్టణాలలో నీటి వాడకం 25 శాతం తగ్గాలని ఉత్తర్వు ఇచ్చిన సంగతి అప్పటికి ఇక్కడ ఉన్నవారు ఎరుగుదురు. ఫ్రెస్నో పక్కనున్న మా చిన్న ఊళ్ళో మొక్కలకు వారానికి రెండు రోజులే నీరు పెట్టనిచ్చారు. ముందటి గడ్డి ఎండిపోయినందుకు మాకేమీ బాధ లేదు, దాన్ని కోసే పని తప్పింది. బాధల్లా పెరట్లోని ఆరు టమాటా మొక్కలు, రెండు దానిమ్మలు, ఒక ద్రాక్షతీగ గురించే.

మాది సరదా తోట. మా చుట్టూ ఉన్నవారిది బ్రతుకు తెరువు. ఫ్రియంట్ ఆనకట్ట కాలువల కింద సేద్యం చేసే రైతులకు 2014లోనూ 2015లోనూ కేంద్ర ప్రాజెక్టు కేటాయించిన నీరు సున్న. బోర్లలో నీళ్ళు దిగిపోయాయి. పెకలించి గుట్టలు పోసిన బాదం చెట్లను దారి పొడుగునా చూస్తూ ఆఫీసుకు వెళ్ళేవాళ్ళం. సెల్మా దగ్గర ఎండుద్రాక్ష పండించే ఒక సర్దార్‌జీ మాకు మిత్రుడు. ఆయన ఒకరోజు అడిగిన ప్రశ్న ఇది: "సగం నీళ్ళతో పండిస్తే పండు చిన్నదవుతుంది, అది నాకు తెలుసు. లోపలి సరుకు కూడా తగ్గుతుందా? అది చెప్పండి." మన డాక్టరుగారి ప్రశ్న కూడా ఇదే. కాకపోతే సర్దార్‌జీకి దీని జవాబు మీద ఇల్లు గడవాలి.

లెక్కతో మొదలుపెడదాం. పచ్చి టమాటా 100 గ్రాములు తీసుకుంటే అందులో 94, 95 గ్రాములు నీరే. చక్కెర, పులుపు, పీచు, ఖనిజాలు, రంగు, విటమిన్లు అన్నీ మిగిలిన ఐదున్నర గ్రాములలో ఇమిడి ఉన్నాయి. విటమిన్ సి సుమారు 14 మిల్లీగ్రాములు ఉంటుంది. ఇప్పుడు నీరు చాలక ఆ కాయ 80 గ్రాముల దగ్గరే ఆగిపోయిందనుకోండి. లోపలి సరుకు మాత్రం ఏమీ మారలేదనుకుందాం. ల్యాబులో ఎప్పుడూ 100 గ్రాముల లెక్కనే కొలుస్తారు గనుక విటమిన్ సి ఈసారి పదిహేడున్నర అని వస్తుంది. ఇంకేముంది, "నీరు తగ్గిస్తే పోషకాలు 25 శాతం పెరిగాయి" అని రాయవచ్చు. కాయలో ఉన్నది మాత్రం ఆ 14 మిల్లీగ్రాములే.

ఇది మన వంటింట్లో అందరికీ తెలిసిన సంగతే. అనుకోకుండా నలుగురు చుట్టాలు వస్తే చారులో మరో రెండు గ్లాసుల నీళ్ళు పోస్తాం. చారు పలచబడుతుంది, వేసిన చింతపండు మాత్రం అంతే ఉంటుంది. చుట్టాలు రాని రోజున చారు చిక్కగా ఉన్నదని చింతపండు ఎక్కువ వేసినట్లు కాదు గదా! నీరు తగ్గించిన పండులో "పెరిగిన" పోషకాల్లో పెద్ద భాగం ఈ చిక్కదనమే. పరిశోధనల వార్తలు చదివేటప్పుడు వారు చెప్పేది 100 గ్రాముల లెక్కా, కాయ లెక్కా, చెట్టు లెక్కా అని ముందు చూసుకోవాలి. ఈ మూడూ కలిపేస్తే ఎవరి వాదన అయినా గెలుస్తుంది.

చిక్కదనానికి విలువ లేదని మాత్రం మా ఉద్దేశం కాదు. అమెరికాలో సాసుకూ పేస్టుకూ వెళ్ళే టమాటాలలో 90 శాతానికి పైగా మన కాలిఫోర్నియా పంటే. కోతకు కొన్ని వారాల ముందే ఆ చేలకు నీరు ఆపేస్తారు. కాయలో నీరు ఎంత తక్కువ ఉంటే ఫ్యాక్టరీలో మరిగించి ఆవిరి చేయవలసిన నీరు అంత తక్కువ. డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 1991లో ప్రచురించిన ఫలితాలలో ఈ విషయం స్పష్టంగా ఉంది. నీరు తగ్గించిన మడులలో పండ్ల తాజా బరువు తగ్గింది. చక్కెరలు, సిట్రిక్ ఆమ్లం, పొటాషియం గాఢత పెరిగింది. అంటే పండులోకి చేరవలసిన నీరు తగ్గి, మిగిలిన సరుకు చిక్కబడింది. వాట్సన్‌విల్ సోదరి పచ్చడి రుచికి కారణం ఇదే. అందులో చక్కెరా ఎక్కువ, పులుపూ ఎక్కువ. మా పచ్చడి పలచబడిన చారు.

అయితే అంతా చిక్కదనమేనా? చెట్టు కొత్తగా తయారుచేసేది ఏమీ లేదా? మాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించిన ప్రశ్న ఇది. దీనికి జవాబు ద్రాక్షలో దొరికింది. నల్ల ద్రాక్షకు రంగునిచ్చే ఆంథోసయనిన్లు, వగరునిచ్చే టానిన్లు చాలావరకు తొక్కలోనూ గింజలోనూ ఉంటాయి. గింజలోని టానిన్ల సంగతి ప్రస్తుతానికి వదిలేద్దాం. నీరు తగ్గితే కాయ చిన్నదవుతుంది. చిన్న కాయకు గుజ్జు తక్కువ, తొక్క వాటా ఎక్కువ. కనుక రంగు పెరిగినట్లు కనిపించడంలో వింత లేదని చాలాకాలం అనుకున్నారు. డేవిస్‌వారు ఒక చక్కని పని చేశారు. కాబెర్నే సోవిన్యోన్ ద్రాక్షను బాగా నీరు పెట్టిన తీగల నుంచీ, తక్కువ నీరు పెట్టిన తీగల నుంచీ కోసి, కాయలను పరిమాణం ప్రకారం వేరు చేసి, ఒకే పరిమాణం గల కాయలను పక్కపక్కన పెట్టి కొలిచారు. ఆ ఫలితాలు 2004లో వెలువడ్డాయి. సమానమైన కాయలలో కూడా, నీరు తగ్గిన తీగల కాయల తొక్కలో టానిన్లు, ఆంథోసయనిన్లు ఎక్కువ ఉన్నాయి. అంటే ఇక్కడ చింతపండే ఎక్కువ పడింది. తర్వాత ఇటలీలో చేసిన పనిలో, కాయ రంగు తిరగడానికి ముందు నీటి కొరత వస్తే ఈ రంగు పదార్థాలను తయారుచేసే జన్యువులు చురుకుగా పనిచేస్తాయని కూడా తేలింది.

చెట్టు ఇదంతా మన ఆరోగ్యం కోసం చేస్తుందనుకుంటే పొరపాటు. నీరు చాలనప్పుడు ఆకులలోని సన్నని రంధ్రాలు మూసుకుంటాయి, కొత్త రెమ్మల పెరుగుదల తగ్గుతుంది. ఆకు గుబురు పలచబడి గుత్తుల మీద ఎండ పడుతుంది. ఆ ఎండకు కాయ తొక్కలో రంగు పదార్థాలు గొడుగులా పనికివస్తాయి. మనం తినేది దాని గొడుగునే.

ఈ సంగతి చెబితే సర్దార్‌జీ నవ్వి, తమ తాతగారి కాలం నుంచీ ఆగస్టు నెలలో తోటకు నీరు ఆపుతూనే ఉన్నామని అన్నారు. ఎండుద్రాక్ష కోసేముందు వరుసల మధ్య నేల ఆరాలి, లేకపోతే కాగితాల మీద పరిచిన పండు కుళ్ళిపోతుంది. ఆయన కష్టం అది కాదు. ఆగస్టులో ఆపడం ఆయనకు తెలుసు, మే నెలలో ఎంత తగ్గించవచ్చో తెలియాలి.

దీనికి జవాబు ఆయన తోటకు పది మైళ్ళ లోపునే ఉంది. పార్లియర్ అనే చిన్న ఊళ్ళో విశ్వవిద్యాలయంవారి కెర్నీ పరిశోధనా కేంద్రమూ, వ్యవసాయశాఖ వారి పరిశోధనా కేంద్రమూ ఉన్నాయి. కెర్నీలో భూమిలోకి దించిన ఒక పెద్ద పెట్టెలో థాంప్సన్ సీడ్‌లెస్ తీగలు పెంచి, ఆ పెట్టెను కింద ఉన్న కాటా మీద తూచేవారు. తగ్గిన బరువును బట్టి తీగ ఏ రోజు ఎన్ని నీళ్ళు తాగిందో తెలుస్తుంది. మాలోని సివిల్ ఇంజనీరుకు ఈ పెట్టె తెగ నచ్చింది. ఇంట్లో మరో నాలుగు రోజులు దాని మాటే. ఇలా కొలిచిన నీటిని నూరు శాతం అనుకుని, తక్కిన వరుసలకు 80, 60, 40 శాతం చొప్పున ఇచ్చి చూశారు. 80 శాతం ఇచ్చినా కాపు ఏమంత తగ్గలేదు. తీగకు మనం పోసే నీరు వేరు, దానికి నిజంగా కావలసిన నీరు వేరు అని అక్కడే తెలిసింది.

పీచ్ పండ్ల విషయంలో ఆస్ట్రేలియావారు ముందు దారి చూపారు. విక్టోరియా రాష్ట్రంలోని తతురా అనే చోట 1970ల చివరనుంచి ఈ పని జరిగింది. పీచ్ కాయ ఒకే వేగంతో పెరగదు. మొదట కొంత గబగబా పెరుగుతుంది, తర్వాత లోపలి టెంక గట్టిపడే రోజుల్లో దాదాపు ఆగుతుంది, కోత ముందు మళ్ళీ ఉబ్బుతుంది. ఆ మధ్య రోజుల్లో నీరు తగ్గిస్తే దెబ్బ కొమ్మల పెరుగుదలకే తగులుతుంది గాని కాయకు తగలదు. చివరి దశలో నీరు సరిగా ఇస్తే కాయ తన పరిమాణం తాను చేరుకుంటుంది. కెర్నీలో ఓ హెన్రీ రకం పీచ్‌ల మీద చేసి 1994లో ప్రచురించిన పనిలో ఇంకొక సంగతి ఉంది. నీరు తగ్గించిన చెట్ల పండ్లలో తీపి ఎక్కువ ఉండగా, అతిగా నీరు పెట్టిన చెట్ల పండ్లకు పై పొర పలచబడి, కోసిన తర్వాత త్వరగా వాడిపోయాయి. బజారులో నిగనిగలాడుతూ, ఇంటికి తెచ్చిన మూడో రోజుకే ముడతలు పడే పండ్ల సంగతి మాకు అప్పుడు అర్థమైంది.

ఇక దానిమ్మ. పార్లియర్‌లోనే 2010 దశకంలో దానిమ్మ చెట్లకు నీరు బాగా తగ్గించి, పండ్లలోని ఖనిజాలను, ఫినాలిక్ పదార్థాలను పరీక్షించారు. అవి చెప్పుకోదగినంత తగ్గలేదు. పెరిగినట్లు గొప్ప చెప్పుకోవడానికీ లేదు. సర్దార్‌జీ వంటి రైతుకు కావలసిన మాట ఇదే. నీరు తగ్గినా సరుకు నిలబడుతుందంటే కరువు సంవత్సరంలో అదే పెద్ద ధైర్యం.

ఇంతవరకు చదివి డాక్టరుగారు ఓడిపోయారని అనుకోకండి. ఆయన పక్షాన కూడా సాక్ష్యం ఉంది. మా పెరడే ఆ సాక్ష్యం.

2015 జూన్‌లో, తీరప్రాంతంవారు నీరు పెట్టకుండా టమాటాలు పండిస్తారని విని, మేమూ అలాగే చేద్దామనుకున్నాం. వారానికి రెండు రోజులు అనుమతి ఉంటే మేము ఒక రోజే పెట్టాం. పది రోజుల తర్వాత గుర్తొచ్చి ఒకసారి, మూడు రోజులకే జాలేసి ఇంకొకసారి పెట్టిన సందర్భాలూ ఉన్నాయి. కాయల అడుగుభాగం నల్లబడి తోలులా తయారైంది. తెగులనుకుని మందు కొట్టాం. అది తెగులు కాదు, కాయకు కాల్షియం అందకపోవడం. కాల్షియం వేళ్ళనుంచి నీటితోపాటే పైకి ప్రయాణం చేస్తుంది. ఆకులు నీటిని ఎక్కువ లాగుతాయి గనుక కొరత వచ్చినప్పుడు ఉన్న నీరంతా వాటికే పోయి కాయ కొస మిగిలిపోతుంది. కోడిగుడ్డు పెంకులు పొడి చేసి వేయమని ఇద్దరు ముగ్గురు చెప్పారు. వేశాం. ఆ ఏడాదికి ఫలితమేమీ కనిపించలేదు. నేలలో కాల్షియం లేక కాదు గదా, దాన్ని మోసుకుపోయే నీరు సక్రమంగా లేక!

బాగున్న కాయలైనా ఎర్రబడ్డాయా అంటే అదీ లేదు. ఆకులు ముడుచుకుపోయి కాయలు ఎండకు బయటపడ్డాయి. టమాటాకు ఎరుపునిచ్చే లైకోపీన్ 30, 32 డిగ్రీల సెల్సియస్ దాటితే సరిగా తయారు కాదు. ఫ్రెస్నో జులైలో 38 డిగ్రీలు మామూలు సంగతి. ఎండ తగిలిన వైపు పసుపుపచ్చగా, తెల్లగా పొక్కులు లేచాయి. వాట్సన్‌విల్ రైతుకు చల్లని సముద్రపు మంచు ఉంది. చలికాలపు వాన నీటిని లోతున పట్టి ఉంచే బంకనేల ఉంది. ఆయన మొక్కలను దూరదూరంగా నాటుతాడు, పంట తక్కువ వస్తుందని తెలిసే నాటుతాడు, ధర ఎక్కువ పెట్టి ఆ నష్టం పూడ్చుకుంటాడు. అది తరతరాల మెట్ట సేద్యం వంటి పని. మేము చేసింది మొక్కలను మాడ్చడం.

సెప్టెంబరులో దానిమ్మల వంతు వచ్చింది. కాయలు ఎర్రబడుతున్నాయి గదా, పాపం ఎండిపోయి ఉన్నాయని ఒక శనివారం రాత్రి గొట్టం పెట్టి మరిచిపోయి పడుకున్నాం. ఆ నీటి బిల్లు సంగతి వేరే. వారం లోపున పెద్ద కాయలన్నీ పగిలి గింజలు బయటపడ్డాయి. ఎండకు బిగుసుకున్న తొక్క, ఒక్కసారిగా ఉబ్బిన గింజలకు చోటివ్వలేకపోయింది. ఆ ఏడు మా దానిమ్మల పోషక విలువ సంగతి పిట్టలను అడగాలి.

ఈ దుఃఖమంతా టెలిఫోనులో అనంతపురం జిల్లాలో ఉన్న మేనమామగారికి చెప్పాం. ఆయన జీవితమంతా చీనీ తోట చేసిన మనిషి. (కోస్తావారు బత్తాయి అంటారు. మా ఇంట్లో ఈ పేరు మీద కూడా రెండు పక్షాలున్నాయి.) అక్కడ చీనీకీ దానిమ్మకూ నీరు ఆపడం కొత్తేమీ కాదు. పూతకు ముందు కొన్ని వారాలు తడి ఇవ్వకుండా చెట్టును బెట్టకు తెచ్చి, ఆకు వాడి రాలడం మొదలయ్యాక ఎరువు వేసి తడి పెడతారు. చెట్టంతా ఒక్కసారి పూస్తుంది. కాపు ఏ నెలలో రావాలో రైతు ఆ విధంగా నిర్ణయించుకుంటాడు. కాయ పట్టిన తర్వాత మాత్రం తడి తప్పనివ్వరు.

ఆయన అంతా విని, "కాయ మీద ఉన్నప్పుడు ఆటలాడితే పగలక ఏమైతుంది పాపా? నీళ్ళు ఆపేది మన చేతిలో ఉంటే సేద్యం. మన చేతిలో ల్యాకపోతే కరువు" అన్నారు. ఆ మాట ఆయనకు తెలిసినంతగా మాకు తెలియదు. బోర్లు ఎండిపోయి, ట్యాంకర్లతో నీరు తోలి, అదీ సాగక చీనీ చెట్లు నరికించిన రైతులు ఆ జిల్లాలో ఎందరో ఉన్నారు. ఆయన కూడా సగం తోట అలాగే పోగొట్టుకున్నారు. 2003లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బిందు సేద్యానికి సబ్సిడీ పథకం మొదలుపెట్టాక మిగిలిన సగానికి గొట్టాలు వేయించుకున్నారు. ఒక చిత్రమేమిటంటే అనంతపురానికి ఏడాదికి 22 అంగుళాల వాన పడుతుంది, ఫ్రెస్నోకు 11 అంగుళాలే. మనం ఇక్కడ పండ్ల బుట్ట మధ్య కూర్చున్నట్లు కనిపించేది సియెర్రా కొండల మంచు దయ వల్లా, పాతాళం నుంచి తోడిన నీటి వల్లా. ఈ మాట చెబితే మామయ్య నమ్మలేదు.

మరి ఆ రెండు గిన్నెలలో ఏది బలమైనది? స్పూను లెక్కన చూస్తే వాట్సన్‌విల్ పచ్చడిలోనే సరుకు ఎక్కువ. సందేహం లేదు. మొక్క లెక్కన చూస్తే, సరిగా నీరు పెట్టిన మొక్క కాసే పండ్లన్నీ కలిపి ఇచ్చే పోషకాలు తక్కువేమీ కావు, చాలాసార్లు ఎక్కువే. విటమిన్ సి విషయంలో పరిశోధనలు ఒక మాట మీద లేవు, కొన్నిటిలో పెరిగింది, కొన్నిటిలో లేదు. ద్రాక్ష తొక్కలోని రంగు పదార్థాల వంటివి మాత్రం తగిన సమయంలో తగుమాత్రం కొరతకు నిజంగానే పెరుగుతాయి. కాల్షియం విషయంలో మాత్రం కొరత చేటే చేస్తుంది. ఇవన్నీ ఒక ఎత్తు, పండు రకమూ అది చెట్టునే పండిందా లేదా అన్నదీ ఒక ఎత్తు. పచ్చిగా కోసి లారీలో పండించిన టమాటాకు ఎన్ని నీళ్ళు పెట్టారన్న చర్చే అనవసరమని మా అభిప్రాయం. డాక్టరుగారికి ఇది సమ్మతమేనని ఆశిస్తున్నాం. కాకపోతే వచ్చే సంచికలో ఆయనకు ఒక పేజీ ఖాళీగా ఉంచుతామని సంపాదకులు అన్నారు.

పెరడు ఉన్న సభ్యులు అడుగుతున్నారు గనుక, ప్రస్తుతం మేము చేస్తున్నది చెబుతాం. టమాటాలకు రోజూ పైపైన చల్లడం మానేశాం. మూడు నాలుగు రోజులకొకసారి, తెల్లవారుజామున, వేళ్ళ లోతుకు దిగేలా సన్నని ధారతో పెడతాం. పాదులో ఎండుగడ్డి మందంగా పరుస్తాం. జులై, ఆగస్టులలో పడమటి ఎండకు పలచని గుడ్డ కడతాం. మొదటి గుత్తి రంగు తిరిగాక నీరు మూడోవంతు తగ్గిస్తాం, అదీ కొద్దికొద్దిగా. కుండీల్లో మొక్కలకు ఈ ప్రయోగం పనికిరాదు, వాటికి దాచుకున్న నీరు ఉండదు. దానిమ్మకు కాయ పట్టిన నాటినుంచి కోతదాకా ఒకే పద్ధతిలో ఇస్తాం. శరదృతువులో మొదటి వాన సూచన వస్తే పండినవన్నీ ముందే కోసేస్తాం. ద్రాక్షతీగకు మాత్రం కాయ బఠాణీ గింజంత అయిన దగ్గరనుంచి రంగు తిరిగేదాకా కొంచెం కరుకుగానే ఉంటున్నాం. గుత్తులు చిన్నవి, రంగు మాత్రం చిక్కగా వస్తున్నది. పిల్లలు తొక్క వగరంటున్నారు.

అన్నట్లు, వచ్చే పాట్‌లక్‌కు రెండు గిన్నెలూ మేమే తెస్తాం, ఏది ఏ నీటిదో రాయకుండా. వాట్సన్‌విల్ సోదరిని ఐదు పౌన్ల టమాటాలు తెమ్మని కోరాం. డాక్టరుగారు కళ్ళద్దాలు మరిచిపోకుండా రావాలి. అక్టోబరు రెండవ వారంలో మా ఇంటి వైపు వచ్చేవారు సంచులు తెచ్చుకుంటే దానిమ్మలు కోసుకోవచ్చు. నిచ్చెన మా దగ్గరే ఉంది.